మలుపులో ఆగిపోయే బుల్లి ట్రామ్: నా అనుభవం

నా దగ్గర మెల్‌బోర్న్‌లో తిరిగే డబ్ల్యూ క్లాస్ అనే పాతకాలపు ట్రామ్‌కి 1:87 నమూనా ఉంది, అంటే అసలు బండిలో 87వ వంతు. అది సిటీ సర్కిల్ అనే నగరం నడిబొడ్డు మార్గంలో తిరిగే ట్రామ్‌ల ముదురు ఎరుపులో ఉండేది. నాకేమో పాత ఆకుపచ్చ, మీగడ రంగులంటే ప్రాణం. జానెడు బండి, మలుపు వస్తే చాలు ఆగిపోయేది. మోటారు పోయిందేమోనని ఒకటే టెన్షన్. విప్పి చూస్తే చక్రాల నిండా నల్లటి జిడ్డు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో తుడిచాను. చక్రం నుంచి మోటారుకు కరెంటు అందించడానికి చక్రం వెనక తగలాల్సిన సన్నటి రాగి రేకు ఒకటి వెంట్రుకవాసి ఎడంగా ఉంది. పట్టకారుతో మెల్లగా వంచాను. లోపల సీసం ముక్క అతికించాక పట్టాల మీద పట్టు దొరికింది.

ఇక రంగు మార్చే పని. రంగుల్లో లేతదే ముందు. మీగడ రంగు బాగా ఆరాక, అది అలాగే ఉండాల్సిన చోట టేపు వేసి, దాని అంచు మీద మళ్లీ అదే రంగు పల్చగా పూయాలి. అప్పుడు ఆకుపచ్చ కిందికి పాకదు. మొదటిసారి ఇది తెలియక కిటికీల కింద గీతంతా అలుక్కుపోయింది. రెండోసారి టేపు లాగితే గీత కత్తితో కోసినట్టు వచ్చింది!