ఉప్పు వండి చూపండి, ఆ తర్వాత వాదించండి: చట్టోల్లంఘన దేశభక్తేనా?

హైస్కూల్లోనో కాలేజీలోనో ఈ విషయం మీద డిబేట్ పెడితే మూడో నిమిషానికల్లా అందరూ గాంధీ పేరు చెప్పి చప్పట్లు కొట్టించుకుంటారు, వాదన మాత్రం మొదలవదు. 1930 ఉప్పు సత్యాగ్రహం నాటికి నిషేధంలో ఉన్న పని ఏమిటో పిల్లలు కళ్లారా చూడకపోవడమే ఇందుకు కారణం. అందుకే రెండు పీరియడ్లు కేటాయించండి. మొదటి దానిలో ఉప్పు వండండి, రెండోదానిలో డిబేట్ పెట్టండి.

సముద్రపు నీళ్లు 2 లీటర్లు చాలు. నదులు కలిసే చోటు, హార్బరు, మురుగుకాలవలకు దూరంగా, వేసవిలో పట్టండి. వానాకాలం తర్వాత బంగాళాఖాతం ఒడ్డున నీళ్లు పలచబడతాయి, ఉప్పు తక్కువగా వస్తుంది. నాలుగు మడతల నూలు గుడ్డలో వడగట్టి స్టీలు గిన్నెలో మరిగించండి. ఇనుప మూకుడు వద్దు, తుప్పు దిగి ఉప్పు ఎర్రబడుతుంది. నీళ్లు 400 మిల్లీలీటర్లకు తగ్గేసరికి అడుగున తెల్లటి పొడి కనబడుతుంది. అది సున్నం, జిప్సం. మళ్లీ వడగట్టండి. 200 దగ్గర అసలు ఉప్పు పలుకులు మొదలవుతాయి. అక్కడి నుంచి మంట బాగా తగ్గించాలి, లేకపోతే చిటపటలాడి మీద పడుతుంది. 60 మిల్లీలీటర్లు మిగలగానే దించి, ఆ నీటిని వంచేయండి. పూర్తిగా ఇగిరిపోనిస్తే నీటిలోని మెగ్నీషియం లవణాలు కూడా ఉప్పుతో కలిసిపోతాయి. అప్పుడు ఉప్పు చేదెక్కుతుంది, గాలి తగిలితే చెమ్మగిల్లుతుంది. చివరికి సుమారు 50 గ్రాములు రావాలి. ఇది చూడటానికే, కూరలో వేయకండి.

ఇప్పుడు బోర్డు మీద ఒక లెక్క వేయించండి. 1930లో ఉప్పు పన్ను మణుగుకు, అంటే 37 కిలోలకు, 1 రూపాయి 4 అణాలు. రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు కాబట్టి మొత్తం 240 పైలు. మీ 50 గ్రాముల మీద పన్ను పైలో మూడో వంతుకు మించదు. ఇంత చిన్న మొత్తానికి చట్టం మీరాలా అని ప్రతికూల పక్షం అడుగుతుంది, అడగాలి కూడా. అయితే ఆ చట్టం కింద, పన్ను కట్టకుండా సొంతంగా ఉప్పు చేసుకోవడమే నేరం. కాళ్ల దగ్గరున్న సముద్రపు నీటిని మరిగించుకోవడానికి సర్కారు అనుమతి కావాలి. ఆ చట్టం చేసినవాళ్లను జనం ఎన్నుకున్నదీ లేదు. అనుకూల పక్షానికి బలం ఇక్కడే ఉంది.

తీర్మానం మాటలు జాగ్రత్తగా రాయండి. ‘అన్యాయమైన చట్టాన్ని ఉల్లంఘించడం దేశభక్తి’ అని పెడితే అన్యాయమనేది ముందే ఒప్పేసుకున్నట్టు. ‘1930లో ఉప్పు చట్టాన్ని ఉల్లంఘించడం దేశభక్తి’ అని పెట్టండి. పక్షానికి ముగ్గురు, ఒక్కొక్కరికి 4 నిమిషాలు. ప్రతికూల పక్షానికి బ్రిటిష్ వాళ్లను సమర్థించే పని అంటగట్టవద్దు, ఆ పిల్లలు సగం గొంతుతోనే మాట్లాడతారు. ‘ఎవరికి వారు చట్టాన్ని తూకం వేస్తే రేపు దేశం నిలుస్తుందా?’ అన్న ప్రశ్న వాళ్ల చేతికివ్వండి.

వాళ్లకు అంబేడ్కర్ రాజ్యాంగ సభలో 1949 నవంబరు 25న చేసిన ప్రసంగం కూడా ఇవ్వండి. రాజ్యాంగబద్ధమైన దారులు తెరిచి ఉన్నప్పుడు సత్యాగ్రహం, సహాయ నిరాకరణ వంటివి అరాచకానికి వ్యాకరణమే అన్నాడాయన. అయితే ఆ దారులు లేని రోజుల్లో వాటికి సమర్థన ఉండేదనీ అక్కడే చెప్పాడు. పిల్లలు సగమే చదువుకొస్తారు, రెండో సగం ఎదుటి పక్షానికి దొరుకుతుంది. రెండు సగాలూ రెండు పక్షాలకూ ఇచ్చి పంపండి.

ప్రతి ఉదాహరణకూ నాలుగు ప్రశ్నలు వేయించండి: ముందుగా చెప్పి చేశారా? ఎవరినైనా కొట్టారా? శిక్షకు సిద్ధపడ్డారా? వేరే దారి ఉందా? దండి నాలుగింటికీ నిలుస్తుంది. మార్చి 2న వైస్రాయ్ ఇర్విన్‌కు ఉత్తరం, 12న నడక, ఏప్రిల్ 6న ఉప్పు. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. మే నెలలో గాంధీని పట్టుకున్నది 1827 నాటి రెగ్యులేషన్ కింద, విచారణే లేదు. కోర్టులో నిలబడి కఠిన శిక్ష వేయమని అడిగింది 1922 మార్చి 18న అహ్మదాబాదులో, అదీ రాజద్రోహం కేసులో. రెండూ కలిపేస్తే ఎదుటి పక్షం పట్టేసుకుంటుంది.

మన చీరాల–పేరాల ఉద్యమం తప్పక తీసుకోండి, కానీ విడదీసి చూడండి. మునిసిపాలిటీ పన్ను కట్టం అని జైలుకెళ్లడం ఉల్లంఘన. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో ఊరు ఖాళీ చేసి, హద్దు అవతల రామనగర్ కట్టుకుని పదకొండు నెలలు ఉండటం మాత్రం ఏ చట్టాన్నీ మీరడం కాదు. అల్లూరి పేరు వస్తే హాలు ఊగిపోతుంది. ఊగనివ్వండి, తర్వాత రెండో ప్రశ్న అడగండి. 1922 ఆగస్టులో చింతపల్లి పోలీసు స్టేషను మీద దాడి దేశభక్తి కాదని ఎవరూ అనరు. అది సత్యాగ్రహమా అన్నది వేరే వాదన, దానికి వేరే రోజు పెట్టుకోండి.

ఎవరో ఒకరు హెల్మెట్ చలానా సంగతి తెస్తారు. నవ్వి వదిలేయకుండా అవే నాలుగు ప్రశ్నలు వేయండి, మొదటిదానికే పడిపోతుంది.

ఓటింగ్ రెండుసార్లు, చీటీల మీద: డిబేట్‌కు ముందొకటి, తర్వాతొకటి. ఏ పక్షం వైపు ఎక్కువమంది మారారో ఆ పక్షానిదే గెలుపు. చేతులెత్తించవద్దు, పక్కవాడి చెయ్యి చూసి ఎత్తుతారు.