హూ, విచ్, దట్ వాడే ముందు చూసుకోవలసినవి

పాలమూరులోనో నల్గొండలోనో తెలుగు మీడియంలో చదివి, పోటీ పరీక్షకు ఇంగ్లిష్ వ్యాసం రాయబోతున్నవారికి, నామవాచకానికి వర్ణనను కలిపే ఈ మాటల విషయంలో కొన్ని జాగ్రత్తలు.

- ముందుగా ఏ నామవాచకాన్ని వర్ణిస్తున్నారో దాని కింద గీత గీయండి. మనిషికి హూ (who), వస్తువుకు విచ్ (which) లేదా దట్ (that), ‘ఎవరి’ అనే సంబంధానికి హూజ్ (whose). వర్ణన ఆ నామం వెంటనే రావాలి.

- చోటు దగ్గర ఆగి ఆలోచించండి. ఇక్కడ మార్కులు పోవచ్చు. ‘నేను చదివిన కాలేజీ’, ‘నేను చూసిన కాలేజీ’ మనకు ఒకే తీరు. ఇంగ్లిష్‌లో మొదటిదానికి వేర్ (where), రెండోదానికి విచ్. చదవడం కాలేజీలో జరుగుతుంది, చూసేది కాలేజీనే. ‘లో’ అతికించి చూడండి, అతికితే వేర్.

- ‘ది బుక్ విచ్ ఐ బాట్ ఇట్’ అని రాశారా? చివరి ‘ఇట్’ కొట్టేయండి. దాని పని విచ్ ఎప్పుడో చేసేసింది.

- కామా చిన్నదే, అర్థాన్ని మాత్రం మార్చేస్తుంది. ‘దేవరకొండలో ఉండే మా అన్న’ అని ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు ‘దేవరకొండలో ఉండే’ అన్న వర్ణనకు అటూ ఇటూ కామాలు పెడితే మీకు ఒక్కడే అన్న. తీసేస్తే వేరే ఊళ్లో ఇంకో అన్న ఉన్నట్టు. నాగార్జునసాగర్ వంటి పేరును వర్ణిస్తే కామాలు తప్పనిసరి. అక్కడ దట్ వద్దు, విచ్ రాయండి.

- కర్మగా వచ్చిన దట్‌ను వదిలేయవచ్చు. కర్తగా వచ్చినదాన్ని వదలకండి.