ప్రోగ్రెసివ్ రీలోడింగ్ ప్రెస్ ఇబ్బంది పెడుతోందా? ముందు కారణం పట్టుకోండి, తర్వాతే కొత్త పార్టు

రీలోడింగ్ అంటే పేలిన తూటా ఖాళీ గొట్టాన్ని (కేసును) కొత్త ప్రైమర్ (నిప్పు రాజేసే చిన్న మూత), పౌడర్ (తుపాకీ మందు), బుల్లెట్ (ఎగిరిపోయే లోహపు మొన)తో మళ్లీ తూటాగా చేయడం. ప్రోగ్రెసివ్ ప్రెస్‌లో హ్యాండిల్ ఒకసారి లాగి వదిలితే ఒక తూటా పూర్తయి ట్రేలో పడుతుంది. అదే లాగుడులో మిగతా కేసులకు కూడా ఒక్కో స్టేషన్‌లో ఒక్కో పని జరిగిపోతుంది. అందుకే ఒక చోట జరిగిన తప్పు ఇంకో చోట బయటపడుతుంది, మనం బాగానే ఉన్న పార్టును మార్చేస్తాం. రీలోడింగ్‌కు మీ దగ్గర చట్టప్రకారం అనుమతి ఉందనే అనుకుని రాస్తున్నాను. ప్రెస్ మీద చెయ్యి వేసే ముందు ప్రైమర్లు, పౌడర్ రెండూ పూర్తిగా తీసేయండి. కంటికి రక్షణ అద్దాలు తప్పనిసరి.

సమస్య: షెల్ ప్లేట్ తిరిగినప్పుడల్లా పౌడర్ చిందుతోంది

కారణం: కేసులను స్టేషన్ నుంచి స్టేషన్‌కు తిప్పే ఆ గుండ్రటి ప్లేట్ టక్కున ఆగడం. తనంతట తాను తిరిగే చాలా ప్రెస్సుల్లో ప్లేట్ కింద స్ప్రింగ్ మీద ఒక చిన్న ఉక్కు గోళీ ఉంటుంది. ప్లేట్ గుంటలోకి అది దూకినప్పుడే ఆ కుదుపు వస్తుంది. 9 ఎంఎం లాంటి పొట్టి కేసులో పౌడర్ అంచు దాకా ఉంటే ఆ కుదుపుకే నాలుగు పలుకులు బయటపడతాయి. అవి ప్లేట్ కిందికి చేరితే తిరగడం ఇంకా మొండికేస్తుంది.

పరిష్కారం: గోళీ కింద కాస్త మెత్తటి స్ప్రింగ్ వేయండి. ప్లేట్‌కీ దాన్ని పట్టి ఉంచే బోల్టుకీ మధ్య సన్నటి సూది బేరింగ్ పెట్టండి. నా లెక్కలో ఖర్చుకు తగ్గ ఫలితం ఇచ్చే మార్పుల్లో ఇది ముందుంటుంది. బేరింగ్ లేకపోతే బోల్టు బిగిస్తే ప్లేట్ పట్టేస్తుంది, వదులు చేస్తే ఊగుతుంది. బేరింగ్ ఉంటే ఊగకుండా బిగించినా నున్నగా తిరుగుతుంది. మార్చాక ఒకే ఒక్క కేసులో పౌడర్ పోసి, ప్లేట్‌ను మెల్లగా తిప్పుతూ దాన్నే చూడండి. పలుకులు కదలాలి గానీ అంచు దాటకూడదు.

సమస్య: ప్రైమర్ పూర్తిగా దిగకుండా పైకి నిలబడుతోంది

కేసు అడుగున వేలితో రాస్తే ప్రైమర్ అంచు తగలకూడదు, అది అడుగుకు కాస్త లోపలే ఉండాలి. తగులుతోందంటే చాలామంది ప్రైమింగ్ పార్టునే అనుమానిస్తారు. నేనైతే ముందు బల్లను చూస్తాను. ఖాళీ ప్రెస్‌ను నడుపుతూ రెండో చేతిని బల్ల అంచు మీద ఉంచండి. బల్ల ఊగితే మీ బలంలో కొంత ప్రైమర్‌కు చేరకుండా అక్కడే పోతోంది. బల్లను గోడకు బిగించండి, ప్రెస్ కింద దళసరి ఉక్కు పలక వేయండి. ప్రెస్‌ను కాస్త ఎత్తుకు లేపే మౌంట్ పెడితే భుజం నొప్పి కూడా తగ్గుతుంది.

బల్ల గట్టిగానే ఉంటే కేసులు చూడండి. మిలిటరీ కేసుల్లో ప్రైమర్ గుంట అంచు నొక్కేసి ఉంటుంది, దాన్ని ముందే సరిచేయాలి. .45 ఏసీపీ అనే పిస్టల్ తూటాలో పెద్ద ప్రైమర్ కేసులూ చిన్న ప్రైమర్ కేసులూ రెండూ దొరుకుతాయి, అవి కలిసిపోతే పెద్ద ప్రైమర్ చిన్న గుంట మీద నలుగుతుంది. బరువుగా తగిలిన చోట ఆగండి, బలం పెట్టొద్దు. నలిగిన ప్రైమర్ పేలవచ్చు. పూర్తయిన తూటాలో ప్రైమర్ పైకి ఉన్నా దాన్ని మళ్లీ నొక్కకండి, తూటానే విప్పేయండి.

సమస్య: ఈ కేసులో పౌడర్ పడిందా, రెండుసార్లు పడిందా?

అన్నిటికన్నా టెన్షన్ పెట్టేది ఇదే. పౌడర్ పడకపోతే బుల్లెట్ బ్యారెల్‌లో ఇరుక్కోవచ్చు, వెనకాలే ఇంకోటి పేలిస్తే బ్యారెల్ చీలవచ్చు. రెండుసార్లు పడితే తుపాకీయే పగలవచ్చు. చేత్తో ప్లేట్ తిప్పే ప్రెస్సుల్లో కారణం దాదాపు ఒకటే: పనిలో అంతరాయం. ఒకసారి ఫోన్ మోగి లేచి వచ్చాక, ప్లేట్ తిప్పానో లేదో నాకు గుర్తు రాలేదు. ఆ ట్రేలో ఉన్నవన్నీ విప్పాను, ఒక సాయంత్రం పట్టింది. అప్పటి నుంచి లేస్తే హ్యాండిల్ పైన ఉండగానే లేస్తాను, వచ్చాక ప్లేట్ మీదున్న కేసులన్నీ తీసేసి కొత్తగా మొదలుపెడతాను.

పరిష్కారంలో మొదటిది వెలుతురు. టూల్ హెడ్ (డైలను, అంటే కేసు మీద ఒక్కో పని చేసే పనిముట్లను పట్టి ఉంచే పై భాగం) కింద చిన్న ఎల్ఈడీ దీపం పెడితే బుల్లెట్ ఉంచే ముందు కేసు అడుగు దాకా కనబడుతుంది. రెండోది పౌడర్ తనిఖీ డై. కొన్ని బజర్ మోగిస్తాయి, కొన్ని హ్యాండిల్‌నే ఆపేస్తాయి. పౌడర్ స్టేషన్‌కూ బుల్లెట్ స్టేషన్‌కూ మధ్య చోటు కావాలి కాబట్టి ఐదు స్టేషన్ల ప్రెస్ అయితే సులువు. నాలుగే ఉంటే బుల్లెట్ దించడం, కేసు నోరు నొక్కడం ఒకే డైలో చేయాల్సి వస్తుంది. ఈ డై పెద్ద తేడానే పట్టుకుంటుంది, చిన్న తేడాను కాదు. కాబట్టి త్రాసు పక్కనే ఉండాలి. వీలైతే రెండుసార్లు పడితే కేసు నిండి పొర్లిపోయేంత పరిమాణం ఉండే పౌడర్‌ను తయారీదారు పుస్తకంలోంచి ఎంచుకోండి. ఖర్చు లేని రక్షణ అది.

సమస్య: తూటాల పొడవు ఒక్కోటి ఒక్కోలా వస్తోంది

అన్ని స్టేషన్లలో కేసులున్నప్పుడు వచ్చిన తూటాలనే కొలవండి. మొదటివీ చివరివీ కొలిస్తే తేడా ఎలాగూ కనబడుతుంది, ఎందుకంటే ప్లేట్ మీద భారం మారుతుంది. అప్పటికీ తేడా ఉంటే టూల్ హెడ్ ఊగుతోందేమో చూసి, బిగింపు స్క్రూల కిట్ వేయండి.

సమస్య: ప్లేట్ కింద నల్లటి మురికి

కాలిన ప్రైమర్ల పొడి అది, అందులో సీసం ఉంటుంది. పాత ప్రైమర్లు పడే చోట ప్లాస్టిక్ గొట్టం తగిలించి సీసాలోకి వదలండి. ఉన్న పొడిని గాలితో ఊదకుండా తడిగుడ్డతో తుడిచి, చేతులు సబ్బుతో కడుక్కోండి.

కేసులను తనంతట తానే అందించే కేస్ ఫీడర్ లాంటి వేగం పెంచే పార్టులు ఇవన్నీ సరయ్యాకే కొనండి. ఊగే ప్రెస్‌కు వేగం తోడైతే చెడ్డ తూటాలు తొందరగా తయారవుతాయి, అంతే.