లేజర్ డయోడ్ పోయిందా? ముందు డ్రైవర్‌ని అనుమానించండి

ఇక్కడ చెప్పేదంతా 5 మిల్లీవాట్ల ఎరుపు డయోడ్‌కి (650 నానోమీటర్లు) ఎల్‌ఎం317 అనే మూడు కాళ్ల రెగ్యులేటర్ ఐసీతో కట్టుకునే డ్రైవర్ (డయోడ్‌కి స్థిరంగా కరెంటు పంపే సర్క్యూట్) గురించి. ఔట్ కాలికీ అడ్జస్ట్ కాలికీ మధ్య ఒక రెసిస్టర్ పెడతాం. 1.25ని దాని ఓమ్‌లతో భాగిస్తే ఎంతొస్తుందో అంత కరెంటు. 39 ఓమ్‌లకి 32 మిల్లీఆంప్‌లు. మీ డయోడ్ డేటాషీట్‌లో ఉన్న గరిష్ఠం దాటకుండా రెసిస్టర్ ఎంచుకోండి.

ఏ సమస్య వచ్చినా ముందు లేజర్ డయోడ్‌కి బదులు డమ్మీ లోడ్ కట్టండి. మూడు 1ఎన్4007 డయోడ్లు, ఒక 1 ఓమ్ రెసిస్టర్ వరసగా కలిపితే చాలు. ఆ 1 ఓమ్ మీద మీటర్ ఎన్ని మిల్లీవోల్టులు చూపిస్తే అన్ని మిల్లీఆంప్‌లు పోతున్నట్టు. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో ఇవన్నీ చిల్లర డబ్బులకి దొరుకుతాయి, లేజర్ డయోడ్ మాత్రం అలా కాదు.

డమ్మీ మీద 32 రావాల్సింది వందల్లో వస్తోంది

లోడ్‌కి వెళ్లే వైరు ఔట్ కాలి నుంచి తీసుంటారు. అది రెసిస్టర్ దాటాక, అడ్జస్ట్ కాలి వైపు నుంచి రావాలి. రాతలు మీకు కనిపించేలా ఐసీని పట్టుకుంటే ఎడమ నుంచి అడ్జస్ట్, ఔట్, ఇన్. వైరింగ్ సరిగానే ఉంటే రెసిస్టర్ రంగులు వెలుతురులో చూడండి. నారింజ, తెలుపు తర్వాత నలుపుంటే 39 ఓమ్‌లు, బంగారు రంగుంటే 3.9. అంటే 320 మిల్లీఆంప్‌లు!

డమ్మీ మీద బాగానే ఉంది, డయోడ్ పెట్టగానే చచ్చిపోయింది

ఎక్కువ డయోడ్లు పోయేది ఇక్కడే. నా మొదటిదీ ఇలాగే పోయింది: పవర్ ఆపకుండానే డమ్మీ పీకి, అదే వైర్లకి డయోడ్ తగిలించాను. లోడ్ లేనప్పుడు డ్రైవర్ ఊరికే కూర్చోదు, కరెంటు పంపాలని వోల్టేజీ పెంచుకుంటూ పోతుంది. 9 వోల్టుల సప్లై అయితే లోడ్ వైర్ల మధ్య పెట్టే ఔట్‌పుట్ కెపాసిటర్ దాదాపు 7 వోల్టుల దాకా నిండిపోతుంది. డయోడ్ తగలగానే అదంతా దాని మీద పడుతుంది. పవర్ ఆపండి, కెపాసిటర్ కాళ్లని ఒక చిన్న రెసిస్టర్‌తో కలిపి ఖాళీ చేయండి, అప్పుడు డయోడ్ సోల్డర్ చేయండి. ఆ సోల్డరింగ్ ఐరన్ ముట్టుకుంటే జివ్వుమనే రకమైతే, డయోడ్ కాలికి తాకించే ముందు దాని ప్లగ్ పీకేయండి.

బల్ల మీద పనిచేసి, డబ్బాలో బిగించాక పోతే కారణం వేరు. ఎల్‌ఎం317 వెనక రేకు ఔట్ కాలికి కలిసే ఉంటుంది. కొన్ని లేజర్ డయోడ్ల బాడీ ప్లస్‌కి కలిసి ఉంటుంది. రెండిటినీ ఒకే హీట్‌సింక్‌కి బిగిస్తే మధ్యలో ఉన్న రెసిస్టర్ షార్ట్ అయినట్టే, ఇక కరెంటుకి కళ్లెం లేదు. ఐసీ కింద మైకా షీట్, స్క్రూకి ప్లాస్టిక్ బుష్ వేసి, మీటర్ బీప్ మోడ్‌లో రేకుకీ డబ్బాకీ మధ్య చూడండి. మోగకూడదు.

మసగ్గా వెలుగుతోంది

సప్లై 5 వోల్టుల మొబైల్ ఛార్జరా? సరిపోదు. డయోడ్‌కి 2.2 పైనే, రెసిస్టర్‌కి 1.25, ఐసీకి ఇంకో రెండు దాకా కావాలి. రెండు 18650 లిథియం సెల్స్ వరసగా పెడితే హాయిగా నడుస్తుంది.

కరెంటు సరిగ్గా 32 ఉండి, చుక్కకి బదులు మామూలు ఎల్ఈడీలా ఎర్రగా మాత్రమే ఉంటే డయోడ్ లోపల దెబ్బతింది. దానికి రిపేరు లేదు. అలాగని ముఖం దగ్గర పెట్టుకుని చూడకండి, ఎంత మసగ్గా ఉన్నా గోడ మీదే చూడాలి.

మొదట బాగుండి, కాసేపటికి వెలుగు తగ్గుతోంది

డయోడ్ వేడెక్కుతోంది. వేడి పెరిగేకొద్దీ అదే కరెంటుకి వెలుగు తగ్గుతుంది. విడిగా వేలాడదీయకుండా అల్యూమినియం హౌసింగ్‌లో బిగించండి.