సెలవుల సర్దుబాటు – మూడో పాఠం: శనివారం ఒంటిగంటకల్లా పని ముగించడం

కిందటి పాఠంలో రాసుకున్న పనుల జాబితా ముందు పెట్టుకోండి. ఈసారి వాటికి వరస వేద్దాం. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళ్లే, శని ఆదివారాలు సెలవుండే నలుగురి ఇంటిని లెక్కలోకి తీసుకున్నాం. ఆదివారం ఒక్కటే సెలవైనవాళ్ల సంగతి అయిదో పాఠంలో వస్తుంది.

ముందు ప్రతి పని పక్కనా ఒక అక్షరం వేయండి. మనిషి నిలబడి చేయాల్సిందైతే 'చే'. మొదలుపెట్టి వదిలేస్తే దానంతటదే అయ్యేదైతే 'దా'. ఊడవడం, కూరలు తరగడం 'చే'. పప్పు నానడం, పిండి పులవడం, వాషింగ్ మెషీన్ తిరగడం, బట్టలు ఆరడం 'దా'. శనివారం పని రాత్రిదాకా సాగే ఇళ్లలో తప్పు ఇక్కడే జరుగుతుంది. కంటికి కనిపించే చీపురుతో మొదలుపెడతారు, మినపప్పు సంగతి పదకొండింటికి గుర్తొస్తుంది. అప్పుడు నానబోస్తే సాయంత్రం నాలుగింటికి గానీ రుబ్బడానికి రాదు. మధ్యలో ఖాళీ దొరికినా మనసంతా ఆ గిన్నె మీదే ఉంటుంది. కాబట్టి సూత్రం ఇది: 'దా' పనులన్నీ ముందు, వాటి సందుల్లో 'చే' పనులు.

శుక్రవారం రాత్రి, పావుగంట

పడుకునే ముందు గ్లాసు మినపగుళ్లు కడిగి నానబోయండి. ఎండాకాలమైతే ఆ గిన్నెను ఫ్రిజ్‌లో పెట్టండి. బయట ఎనిమిది గంటలు ఉంటే వాసన పట్టే ప్రమాదం ఉంది. చల్లటి పప్పుతో ఇంకో లాభం, రుబ్బేటప్పుడు పిండి త్వరగా వేడెక్కదు. మిక్సీలో రుబ్బేవాళ్లకు ఇది మరీ అవసరం.

తర్వాత విడిచిన బట్టల్లోంచి పిల్లల యూనిఫాంలు, ఆఫీసు బట్టలు వేరుచేసి మెషీన్‌లో వేసి ఉంచండి. నీళ్ల ట్యాంకు నిండిందో లేదో చూసుకుని పడుకోండి.

శనివారం 6:30 నుంచి

లేవగానే మెషీన్ మీట నొక్కండి. ఫ్రంట్‌ లోడ్ అయితే కాటన్ ప్రోగ్రాం ఇంచుమించు రెండు గంటలు పడుతుంది. యూనిఫాంలు ముందెందుకంటే, అవి ఆరాక ఇస్త్రీకి కూడా వెళ్లాలి. మధ్యాహ్నానికి ఇస్త్రీ బండి దగ్గరికి చేరితే ఆదివారం సాయంత్రానికి ఇంటికొస్తాయి. డ్రమ్ములో బట్టల పైన అరచెయ్యి నిలువుగా పట్టేంత ఖాళీ ఉండాలి. కుక్కితే సబ్బు వదలదు, మళ్లీ జాడించాల్సి వస్తుంది, వరసంతా గంట వెనక్కి పోతుంది.

వెంటనే రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ కడిగి నానబెట్టి, గ్రైండర్‌లో పప్పు వేయండి. నీళ్లు ఒక్కసారే పోయకండి. మొదట అర గ్లాసు, ఆ తర్వాత అయిదు నిమిషాలకోసారి కొద్దికొద్దిగా చిలకరించండి. అరగంటకు పిండి వెన్నలా తెల్లగా పొంగి వస్తుంది. గోళీకాయంత పిండి తీసి గిన్నెడు నీళ్లలో వేస్తే తేలాలి. మునిగితే ఇంకో అయిదు నిమిషాలు తిప్పండి. రవ్వను గట్టిగా పిండి అందులో కలిపి, ఉప్పు వేసి, సగం మాత్రమే నిండే పెద్ద గిన్నెలో మూతపెట్టండి. సగానికి మించితే పొంగి గట్టుమీదికి వస్తుంది, ఆ తుడుపు ఇంకో పని.

రాత్రంతా పులియబెట్టే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. పొద్దున్నే రుబ్బితే పగటి వేడికే పులుస్తుంది. ఎండాకాలం సాయంత్రం నాలుగింటికల్లా పొంగుతుంది, డిసెంబరులో రాత్రి తొమ్మిదవుతుంది. పొంగగానే ఫ్రిజ్‌లో పెడితే ఆదివారం పొద్దున ఇడ్లీకి సిద్ధం. మిగిలింది సోమ, మంగళవారాలకు వస్తుంది.

మెషీన్ ఇంకా తిరుగుతూనే ఉంటుంది. ఇప్పుడు బూజు, ఫ్యాన్లు. పాత దిండు గలీబు ఒకటి తీసుకుని ఫ్యాను రెక్కకు తొడిగి, రెండు పక్కలా నొక్కిపట్టి లాగండి. దుమ్ము గలీబులోనే ఉండిపోతుంది. ఎంత జాగ్రత్తపడ్డా కొంత మంచం మీద రాలుతుంది, అందుకే దుప్పట్లు అప్పటిదాకా తీయకూడదు. ఫ్యాను తుడిచాకే దుప్పట్లు, గలీబులు తీసి రెండో విడతకు మెషీన్‌లో వేయండి. ఆ తర్వాతే ఊడవడం, తడిగుడ్డ పెట్టడం. దుప్పట్లు ముందు మార్చి తర్వాత ఫ్యాను తుడిస్తే రెండు పనులూ చెడతాయి. ఫ్యాన్లు ప్రతివారం అక్కర్లేదు, వారానికో గది చాలు.

బాత్రూంలో టాయిలెట్ క్లీనర్ పోసి టిఫిన్‌కు కూర్చోండి. ఇరవై నిమిషాల నానుడుతో మరక సులభంగా వదులుతుంది. ఒక్క హెచ్చరిక: యాసిడ్ ఉండే క్లీనర్, బ్లీచింగ్ పౌడర్ ఎప్పుడూ కలపకండి. క్లోరిన్ వాయువు పుడుతుంది, తలుపు మూసిన చిన్న గదిలో అది ప్రాణాంతకం.

ఇంట్లో ఒకరు ఈ పనుల్లో ఉండగా రెండోవాళ్లు రైతుబజారుకు వెళ్లిరావాలి. తొమ్మిదిలోపు అయితే ఆకుకూరలు వాడవు. తెచ్చాక కడగకుండా, వేళ్లు కోసి, పొడిగుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. ఉల్లిపాయలు, బంగాళాదుంపలు వేర్వేరు బుట్టల్లో. కలిపి ఉంచితే త్వరగా పాడవుతాయి.

ఒంటిగంట తర్వాత

పప్పు, చారు, అప్పడాలతో భోజనం. ఇక ఆపేయాలి. మిగిలిన పని ఉంటే కాగితం మీద వచ్చే శనివారం కింద రాయండి, ఆదివారానికి జరపకండి. ఒక్కసారి జరిపితే వచ్చే వారం ఇంకోటి జరుగుతుంది.

ఆదివారం చాలా ఇళ్లలో కోడికూర. తక్కినవాళ్లు టీవీ ముందుంటే ఇల్లాలు రెండింటిదాకా పొయ్యి దగ్గరే. ఇది న్యాయం కాదు, సర్దుకోలేనిదీ కాదు. అల్లం వెల్లుల్లి సమానంగా తీసుకుని, నీళ్లు తగలకుండా, చెంచా ఉప్పు, రెండు చెంచాల నూనెతో శనివారమే నూరి పెట్టండి. ఆదివారం పదింటికి ఎవరో ఒకరు ముక్కలకు ఉప్పు, పసుపు, ఆ ముద్ద పట్టించి ఫ్రిజ్‌లో పెడితే చాలు. పదకొండున్నరకు పొయ్యెక్కిస్తే పన్నెండున్నరకు వడ్డించవచ్చు.

విశ్రాంతికీ వేళ రాయాలి. "ఖాళీ దొరికితే" అనుకుంటే ఫోన్ చూస్తూ సాయంత్రమైపోతుంది. అందరూ కలిసి చేసేది ఒక్కటే పెట్టుకోండి: సినిమానో, పార్కో, చుట్టాలింటికో. దాంతో పాటు పెద్దలిద్దరికీ చెరో రెండు గంటలు విడిగా. ఆ రెండు గంటల్లో ఒకరిని పిల్లలు కూడా పిలవకూడదు, రెండోవాళ్లు చూసుకోవాలి.

ఈ వారం అభ్యాసం

నాలుగు 'దా' పనులు ఎంచుకుని, మొదలైన వేళ, పూర్తయిన వేళ గోడ క్యాలెండర్‌లో శనివారం గడిలోనే రాయండి. పిండి మీ వంటింట్లో ఎన్ని గంటలకు పొంగిందో తప్పకుండా రాయండి. నాలుగో పాఠంలో పిల్లల వంతు పనులు పంచేటప్పుడు ఆ అంకెలే కావాలి.