సొంత జలాంతర్గామి నీటి మీద బోల్తా పడకుండా ఎలా కట్టాలి?

సొంతంగా జలాంతర్గామి కట్టాలని దిగిన వారిని అందరూ అడిగేది ఒకటే: ఎంత లోతుకు వెళ్తుంది? మూత తెరిచినప్పుడు నీటి మీద నిలకడగా ఉంటుందా అన్నదే నాకు ముఖ్యం. అమెరికా అంతర్యుద్ధ కాలపు జలాంతర్గామి హన్లీ 1863 ఆగస్టులో మునిగింది లోతుల్లో కాదు. తెరిచి ఉన్న మూతల్లోంచి నీరు దూరి ఐదుగురు చనిపోయారు.

ముందు బరువుల లెక్క రాసుకోండి. బ్యాటరీలు, సీసం, మనిషి, ఏదీ వదలకూడదు. పూర్తిగా మునిగి 2000 లీటర్ల నీటిని తొలగించే పడవ మంచినీటిలో సరిగ్గా 2000 కిలోలు తూగాలి. సముద్రపు నీరు లీటరుకు సుమారు 1.025 కిలోలు కాబట్టి అక్కడ మరో 50 కిలోల సీసం కావాలి.

తర్వాత బయట ఇరుపక్కలా బ్యాలస్ట్ ట్యాంకులు (మునగడానికి నీరు, తేలడానికి గాలి నింపే తొట్లు) బిగించండి. అడుగున రంధ్రాలు, పైన గాలి వదిలే వాల్వు ఉంటే చాలు. రెండూ కలిపి 300 లీటర్లయితే, గాలి నింపినప్పుడు పడవలో అంత భాగం నీటి పైకి లేస్తుంది. ఎడమ, కుడి ట్యాంకులను మాత్రం ఒకే గాలి గొట్టంతో కలిపి వదిలేయకండి. పడవ కాస్త ఒరిగితే చాలు, కిందికి దిగిన ట్యాంకులోని గాలి పైనున్న దాంట్లోకి పోతుంది. ఒరిగిన పక్కే ఇంకా బరువెక్కుతుంది.

ఇక సీసం. గుండ్రటి పీపాలాంటి పడవను నీరు పైకి నెట్టే బలం ఎప్పుడూ దాని నడి ఇరుసు గుండానే పోతుంది. అందుకే గురుత్వ కేంద్రం ఆ ఇరుసు కన్నా కింద ఉండాలి. తేలుతున్నప్పుడు పక్క ట్యాంకులు కొంత ఆదుకుంటాయి. మునిగే క్షణంలో ఆ సాయం పోయి, కింది సీసమే దిక్కవుతుంది.

పరీక్ష ఒడ్డు దగ్గర, గొలుసుతో కట్టి, లోపల మనిషికి బదులు ఇసుక బస్తాలు పెట్టి చేయండి. మూత గొట్టానికి 50 సెం.మీ. దారంతో గుండు వేలాడదీయండి. పడవ పైన నడిమధ్య ఉంచిన 20 కిలోల బరువును 50 సెం.మీ. పక్కకు జరపండి. గుండు 5 సెం.మీ. కదిలిందా? అయితే 20×50×50ని 2000×5తో భాగించండి: 5 సెం.మీ. వస్తుంది. గురుత్వ కేంద్రం ఇంకా అంత పైకి జరిగేదాకా పడవ నిలుస్తుంది; నిలకడకు మనకున్న పెట్టుబడి అదే.

ఇప్పుడు 70 కిలోల మనిషి సీట్లోంచి లేచి, 80 సెం.మీ. పైకెక్కి మూతలో నిలబడ్డాడనుకోండి. 70×80ని 2000తో భాగిస్తే 2.8 సెం.మీ. అక్కడే ఖర్చు! మిగిలింది 2.2. కాళ్ల కింద ఉన్న 200 కిలోల సీసాన్ని 30 సెం.మీ. కిందికి, బయటి అడుగు పట్టీకి మారిస్తే 3 సెం.మీ. తిరిగి వస్తుంది. అందులో కొంత ఆపదలో వదిలేసేలా అమర్చడం మంచిదే. అయితే ఆ సీసం పోయాక గురుత్వ కేంద్రం పైకి జరుగుతుంది. అందుకని దాన్ని తీసేసి, మూత దగ్గర ఇసుక బస్తా కట్టి, గుండు పరీక్ష మరోసారి చేయండి.