సీలెంట్ కింద బాండింగ్ ఏజెంట్: ఎప్పుడు, ఎలా?

ఆరేళ్ల పిల్లకి కొత్తగా వచ్చిన దవడ పన్ను, చిగురు ఇంకా సగం కప్పే ఉంటుంది, నోటి నిండా ఉమ్ము, నాలుక ఒకచోట ఆగదు. సీలెంట్ (పన్ను పుచ్చకుండా గాడుల మీద వేసే పూత) అంచుల్లో లీకేజ్, అంటే ఉమ్ము లోపలికి కారడం, ఎక్కువగా వచ్చేది ఇలాంటి చోటే. పన్ను పొడిగా ఉంచగలిగితే బాండింగ్ ఏజెంట్ (సీలెంట్ పన్నుకి అతుక్కోవడానికి దాని కింద రాసే ద్రవం) లేకపోయినా సీలెంట్ బాగానే పట్టుకుంటుంది. తడి అనుమానం ఉంటే మాత్రం బాండింగ్ వేయండి, పలచటి ద్రవం కదా, గాడుల్లోకి బాగా దిగుతుంది.

ముందు గాడులు శుభ్రం చేసి, 37 శాతం ఫాస్ఫారిక్ యాసిడ్ 15 నుంచి 30 సెకన్లు ఉంచి (దీన్నే ఎచింగ్ అంటారు), బాగా కడిగి, సుద్దలా తెల్లబడేదాకా ఆరబెట్టండి. మధ్యలో ఉమ్ము తగిలిందా, మళ్లీ ఎచింగ్ చేయాల్సిందే, బాండింగ్ ఉందిలే అని వదిలేయొద్దు. సెల్ఫ్ ఎచ్ రకం (విడిగా యాసిడ్ పెట్టక్కర్లేని బాండింగ్) ఒక్కటే చాలని అనుకోవద్దు, డ్రిల్ తాకని ఎనామెల్ (పంటి పైపొర) మీద దాని పట్టు తక్కువ.

తర్వాత బాండింగ్‌ని మైక్రోబ్రష్‌తో పలచగా రుద్ది, మెల్లగా గాలి కొట్టండి. చాలామంది తొందరపడేది ఇక్కడే: బాండింగ్‌లోని ద్రావకం ఆరకపోయినా, గాడిలో మడుగు కట్టినా, ఏ లీకేజ్ ఆపుదామని వేశామో అదే వస్తుంది. అది గట్టిపడేలా కంపెనీ చెప్పినంతసేపు లైట్ పెట్టి, బుడగలు లేకుండా సీలెంట్ వేసి, మళ్లీ లైట్. ఆఖర్న ఎక్స్‌ప్లోరర్‌తో (సన్నటి మొన ఉన్న పరికరం) అంచు లాగి చూడండి, ఊడేదైతే కుర్చీలో ఉండగానే ఊడాలి.